గాలిమరల వంతెన

ఎలుగుబంటికి బూట్లెందుకని మొదటిరోజు నవతకు అనుమానం వచ్చింది. మూడు నెలలు గడిచేసరికి అనుమానం పోయి బూట్ల చప్పుడు మాత్రం మిగిలింది. కోఠిలో రోడ్డు దాటుతున్నా, ఇంట్లో అన్నం కలుపుకుంటున్నా చెవిలో అదే టకటక. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటిదాకా టీవీ తెర మీద ఆ ఎలుగుబంటిని ఎగిరించడమే ఆమె ఉద్యోగం. ఆడుకుంటే జీతమిస్తారంట, అదృష్టమంటే నీదేనని వాడకట్టు వాళ్ళు అంటుంటారు. పొద్దస్తమానం లడ్డూలు చుట్టేవాడికి లడ్డూ మీద ఎంత మోజుంటుందో ఏ మిఠాయి దుకాణంలోనైనా అడిగి చూస్తే ఆ అదృష్టం సంగతేమిటో వాళ్ళకూ తెలిసేది.

ఆఫీసు అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు పోయే రోడ్డు మీద, ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో ఉంది. కింద సూట్‌కేసుల దుకాణం, దాని మీద ఒక టైపు ఇన్‌స్టిట్యూటు, ఆ పైన ఒక వకీలు గారి గది, అన్నిటికీ పైన వీళ్ళు. లిఫ్టు లేదనడానికి లేదు, ఉంది. అందులో వాచ్‌మన్ తన సైకిలు పెట్టుకుంటాడు. బయటి దేశాల్లో తయారయ్యే పిల్లల వీడియో గేములు బజారులోకి రాకముందే ఆడి చూసి, ఎక్కడ ఏం తేడా ఉందో రాసి పంపడం ఇక్కడి పని. మేనేజరు జితేందర్ చెడ్డవాడేమీ కాదు. కాకపోతే ఎప్పుడు చూసినా చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని ఉంటాడు కనుక, ఎవరికి ఏం చెప్పాడో, ఎవరికి ఏం చెప్పడం మరిచిపోయాడో ఆయనకే తెలియదు.

ఈ ఆటను ఏదో దేశంలో తాతల కాలంలో నలుపు తెలుపుల్లో వచ్చిన కార్టూన్ బొమ్మలకు రంగులేసి తయారుచేశారు. బూట్లేసుకున్న ఎలుగుబంటి ఒకటి, గొడుగు పట్టుకున్న కొంగ ఒకటి. ఇద్దరు మనుషులు చెరొక కంట్రోలర్ పట్టుకుని ఆడాలి. ఎలుగుబంటి మీట తొక్కిపెడితేనే కొంగకు తలుపు తెరుచుకుంటుంది, కొంగ గొడుగు విప్పితేనే ఎలుగుబంటి గోడ దాటుతుంది. కొట్టడం, చంపడం, నెత్తురు ఏమీ లేవు. కింద పడ్డవాళ్ళు ఒక సబ్బు బుడగలో కూర్చుని పైకి తేలి, రెండోవాళ్ళ వెనకాలే వస్తుంటారు. రెండోవాళ్ళు వెనక్కి తిరిగి బుడగను తాకితే అది పగిలి, పడ్డవాళ్ళు అక్కడే మళ్ళీ నిలబడతారు. 'మూడు తరాలు, ఒకే సోఫా' అని డబ్బా మీద అచ్చువేయబోయే మాటను జితేందర్ కాగితం మీద రాసి గోడకు అంటించాడు.

ఎలుగుబంటి నవతది. కొంగ వామన్‌రావుది. ఆయనకు అరవై ఏడేళ్ళు. బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో ముప్ఫై మూడేళ్ళు గుమాస్తాగా చేసి దిగిపోయిన మనిషి. 'అరవై దాటినవారు కావలెను, అనుభవం అక్కరలేదు' అని పేపర్లో చూసి వచ్చాడు. అనుభవం అక్కరలేదన్న ఉద్యోగం తన అనుభవంలో ఎన్నడూ చూడలేదని, అదేందో చూద్దామని వచ్చానని చెప్పాడు. అంతకుముందు ఆరేళ్ళు ఇంట్లో కూర్చుని ఒకే పేపరును మూడేసి సార్లు చదివితే, ఆ చప్పుడుకు తాళలేక ఆయన భార్య విద్యావతి పక్కింటికి పోయి కూర్చునేదట. ఇప్పుడామె పొద్దున్నే రెండు డబ్బాలు కడుతోంది. ఒకటి ఆయనకు, ఒకటి నవతకు.

"ఇన్నొద్దులకు పొద్దుగాల లేచి అంగీ ఇస్త్రీ చేసుకునే పని పడ్డది బిడ్డా," అన్నాడాయన మొదటి వారంలోనే. నవత ఆ మాటను మనసులో పెట్టుకుంది. అదే ఆమె కొంప ముంచింది.

మొదటి మూడు లెవెళ్ళు ఎలాగో గడిచాయి. నాలుగో లెవెల్లో గాలిమరల వంతెన వచ్చింది. వంతెన అంటే పేరుకే వంతెన. నాలుగు గాలిమరలు తిరుగుతుంటాయి, వాటి రెక్కలకు చిన్న చిన్న పలకలుంటాయి, ఒక పలక మీది నుంచి ఇంకో పలక మీదికి దూకుతూ అవతలికి చేరాలి. రెక్క పైకి వచ్చిన క్షణంలోనే బటన్ నొక్కాలి. వామన్‌రావు కన్ను ఆ క్షణాన్ని పట్టుకుంటుంది, మెదడు ఔనంటుంది, బొటనవేలు మాత్రం అర్ధ క్షణం ఆలస్యంగా వింటుంది. ఆ అర్ధ క్షణంలో రెక్క దిగిపోయేది. కొంగ గొడుగుతో సహా కింద పడేది. ముప్ఫై మూడేళ్ళు ఏ ఫైలు మీదా ఒక్క కొట్టివేత లేకుండా పనిచేసిన మనిషి, ప్రతిసారీ "అరెరె" అని మెల్లగా అనుకునేవాడు, ఎవరికీ వినపడకుండా.

పడిన లెక్క కంప్యూటరే రాసుకోవచ్చు కదా అంటే, ఆట ఇంకా సగం కాల్చిన ఇటుకలాంటిది, ఆ ఏర్పాటు ఇంకా అందులోకి రాలేదు. అందుకని ఏ రోజుకారోజు ఒక షీటు నింపాలి. ఎవరు ఎక్కడ ఎన్నిసార్లు పడ్డారో రాసి, అడుగున ఇద్దరూ సంతకం పెట్టాలి. రాయడం నవత వంతు. వంతెన దగ్గర మొదటిరోజు వామన్‌రావు గడిలో లెక్క ముప్ఫై దాటింది. కలం పట్టుకున్న నవతకు పక్క సోఫాలో శ్యామ్‌సుందర్ కూర్చునే చోటు కనిపించింది. ఆయన కూడా అరవై దాటినవాడే, ఇంకో జంటలో ఆడేవాడు. ఒక శనివారం ఆయన షీటులో యాభై ఎనిమిది పడింది. సోమవారం ఆ చోటు ఖాళీ. ఎందుకు రాలేదని ఎవరినీ అడగకుండానే నవత రెండూ రెండూ కలిపి నాలుగు చేసుకుంది.

ఇక్కడ ఆమె తండ్రి గట్టయ్య గురించి కొంచెం చెప్పాలి. ఆయన గౌలిగూడలో ముప్ఫై ఏళ్ళు హమాలీ పని చేశాడు. బస్సుల మీదికీ లారీల మీదికీ మూటలెక్కించే ఆ జట్టులో ఒక పద్ధతి ఉండేది. ముసలి హమాలీకి మోకాళ్ళు వణకడం మొదలైతే ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆయన నాలుగు మూటలు మోస్తే, మిగతా ఆరు మూటలు పడుచువాళ్ళు తలా ఒకటి అందుకునేవారు. మేస్త్రీ దగ్గర మాత్రం పదీ ఆయన పేరు మీదే పడేవి. మోసినవాడు చెప్పకూడదు, మోయించుకున్నవాడు అడగకూడదు. గట్టయ్య తన పడుచుతనంలో ఎందరికో మోశాడు. నడుము పోయాక చివరి రెండేళ్ళు ఆయన మూటలు ఎవరెవరో మోశారు. ఆ కూడు తిని పెరిగిన పిల్ల నవత. ముప్ఫై దాటిన అంకె వేయవలసిన చోట ఆమె చెయ్యి మూడు వేసింది.

ఆ మర్నాటి నుంచి మోత మొదలైంది. వామన్‌రావు పడి బుడగలో తేలి రాగానే ఎలుగుబంటి ఆ బుడగను వెంటేసుకుని, ఒక్కతే నాలుగు గాలిమరలూ దాటి, అవతలి గట్టున దాన్ని పగలగొట్టేది. కొంగ అక్కడ లేచి నిలబడేది. వంతెన దాటినట్టే. ఇద్దరి ఆట ఒక్కతే ఆడటమంటే మాటలు కాదు. పదకొండు రోజులకు నవత బొటనవేలి మొదలు కాయ కాసింది. మెడ పట్టేసింది. సాయంత్రం మెట్లు దిగుతుంటే కాళ్ళు కూడా ఆమెవి కానట్టుండేవి. ఒక్కోసారి విసుగొచ్చి, ఈయన ఇంట్లో కూర్చుని పేపరు చదువుకోక ఎందుకొచ్చాడురా దేవుడా అని కూడా అనుకునేది. అనుకున్నందుకు సిగ్గుపడి, మర్నాడు ఇంకాస్త జాగ్రత్తగా మోసేది.

వామన్‌రావు మాత్రం ప్రతి షీటునూ పై నుంచి కిందిదాకా చదివేవాడు. అద్దాలు తీసి తుడుచుకునేవాడు. తన గడిలో మూడు అనో, రెండు అనో ఉన్న అంకె దగ్గర కొంచెం ఆగేవాడు. ఏమీ అనకుండా సంతకం పెట్టేవాడు. పడేవాడికి లెక్కెక్కడ గుర్తుంటుందిలే, నమ్మేశాడు అని నవత నెమ్మదించింది.

గురువారం మధ్యాహ్నం మూడింటికి వామన్‌రావు చాయ్ తాగడానికి కిందికి దిగాడు. జితేందర్ వచ్చి నవత ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఫోను జేబులో పెట్టాడు. అది చూడగానే నవత ఆటను ఆపేసింది.

"కంపెనీవాళ్ళు మెయిల్ పెట్టిన్రు," అన్నాడు. "ఆట తీస్కపోయి పదిహేను ఇండ్లల్ల ఇచ్చి చూసిన్రట. పిల్లలు మంచిగనే ఆడిన్రు. నాలుగో లెవెల్ కాడ పెద్దోళ్ళంత ఆగిపోయిన్రు. గాలిమరల మీద పడుడే పడుడు. ఒక ముసలామె కంట్రోలర్ కింద పెట్టి వంటింట్లకు పోయిందట, మళ్ళ ఆట మొకం చూడలే. మనుమరాలు ఒక్కతే ఆడుకున్నది."

నవత కంట్రోలర్‌ను పక్కన పెట్టింది.

"మన షీట్లల్ల చూస్తే పెద్దమనిషి రెండుసార్లు, మూడుసార్లు. మీ పెద్దమనిషి ఎవరండి, సర్కస్‌ల చేసిండా అని అడుగుతున్నరు." జితేందర్ నవ్వాడు. "వామన్‌రావు సార్ చెయ్యి గింత చురుకని నాకు తెల్వదు నవతా. మనకు గంత చురుకు అక్కర్లే. రేపు పిలిచి మర్యాదగ చెప్త, సోమవారం నుంచి వద్దని. నీకు ఎవరన్న ఎరుకనా? నిజంగ చెయ్యి నడవనోళ్ళు కావాలె."

"చెయ్యి నడవనోళ్ళెందుకు సార్?" అంది నవత.

"మరి పెద్దోళ్ళను పెట్టుకున్నదే అందుకు కద. వాళ్ళు ఏడ పడ్తరో, ఎన్నిసార్లు పడ్తరో తెలిస్తే కంపెనీవాళ్ళు ఆడ ఆటను సులువు చేస్తరు. అప్పుడే కద తాత, మనుమడు కలిసి ఆడేది. నేను చెప్పలేదా?"

"చెప్పలే సార్."

"చెప్పిననే అనుకున్న," అన్నాడు జితేందర్. జేబులో ఫోను మోగింది. తీసి చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుని లేచి పోయాడు.

మేలు చేయబోతే కీడు ఎదురొచ్చిందంటే ఇదే. వామన్‌రావు ఉద్యోగం నిలబడాలని వేసిన అంకే ఆయన ఉద్యోగాన్ని తీసుకుపోతోంది. పడటమే ఆయన పని అయితే, పదకొండు రోజులుగా ఆ పనిని ఆయన చేతిలోంచి ఆమె లాగేసుకుంది. సరే, ఇప్పుడు పోయి నిజం చెబితే? ఆయన ఎదురుగానే చెప్పాలి. మీరు మూడుసార్లు పడలేదు, ముప్ఫై నలభైసార్లు పడ్డారు, మిమ్మల్ని నేను మోశాను అని, ఇస్త్రీ చేసిన అంగీ వేసుకున్న ఆ మనిషి ముఖం మీద చెప్పాలి. నోరు విప్పితే పరువు పోతుంది, విప్పకపోతే పని పోతుంది. అడకత్తెరలో ఉన్నది ఆయన, పోకచెక్కలా నలుగుతున్నది ఈమె.

వామన్‌రావు మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చాడు. కాగితంలో చుట్టిన రెండు ఉస్మానియా బిస్కట్లు ఆమె ముందు పెట్టాడు.

"జితేందర్ సాబ్ వచ్చి కూసున్నట్టున్నడు. ఏమన్నడు?"

"ఏం లేదు సార్."

"మన షీట్లు మంచిగున్నయన్నడా?"

"ఔ సార్," అంది నవత.

ఆయన తలూపి కంట్రోలర్ చేతిలోకి తీసుకున్నాడు. ఆ మధ్యాహ్నం కొంగ ఎన్నిసార్లు పడిందో నవత చూడలేకపోయింది. బుడగ వచ్చిన ప్రతిసారీ మోసుకుపోయి అవతల దింపింది.

ఆ సాయంత్రం గౌలిగూడ గల్లీలో ఇంటికి చేరేసరికి గట్టయ్య అరుగు మీద నులక మంచంలో ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. తిన్నగా పడుకుంటే ఆయనకు నడుము ఒప్పుకోదు. నవత చెప్పులు విడిచి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. సంగతి మొత్తం చెప్పలేదు. ఒక్కటే అడిగింది.

"నాయినా, మీ జట్టుల ముసలోళ్ళ మూటలు మోసెటోళ్ళు కద. ఎవరన్న ఎన్నడన్న పోయి మేస్త్రీకి చెప్పిన్రా?"

గట్టయ్య ఆమె వంక వింతగా చూశాడు. "ఎట్ల చెప్తరే? చెప్తే ఆ మనిషి ఉన్నట్టా? పానం ఉండంగనే పీనుగను చేసినట్టు కాదా?"

"చెప్పకుంటే ఆయనకే నష్టమైతే?"

"నష్టమెట్లయితది?"

నవతకు చెప్పాలనిపించలేదు. కొంగ, గొడుగు, గాలిమర అంటూ మొదలుపెడితే తెల్లవారుతుంది. గట్టయ్య "మోసేది మన వంతు, చెప్పుడు మన వంతు కాదు," అని కళ్ళు మూసుకున్నాడు. ఆ మాటతో దారి దొరకలేదు సరికదా, ఉన్న దారి కూడా మూసుకుపోయింది. ఆమెకు తండ్రి మీద కోపం వచ్చింది. అలసట వల్ల వచ్చిన కోపమని తెలుసు, అయినా వచ్చింది.

మర్నాడు మూడంతస్తుల మెట్లూ ఎక్కుతున్నంతసేపు ఏం చెప్పాలో కూర్చుకుంటూనే ఉంది, పైకి చేరేసరికి ఒక్కటీ మిగల్లేదు. వామన్‌రావు అప్పటికే వచ్చి ఉన్నాడు. లేత నీలం అంగీ, మోచేతుల దగ్గర కూడా మడత చెదరలేదు. విద్యావతి మక్క గారెలు పంపిందని డబ్బా చూపించాడు. అంతలో జితేందర్ గదిలోంచి పిలిచాడు.

"వామన్‌రావు సార్, జర వస్తరా? నవతా, నువ్వు గూడ రా."

గదిలో రెండే కుర్చీలు. వామన్‌రావు ఒకదానిలో కూర్చున్నాడు. నవత నిలబడింది. జితేందర్ బల్ల మీది షీట్లను సర్దుతూ, మంచిమాటలతో మొదలుపెట్టాలని చూశాడు. "సార్, మీరు ఇన్ని రోజులు మస్తు మంచిగ చేసిన్రు. ఇగ చూడుర్రి, కంపెనీవాళ్ళు ఏమంటున్నరంటే…"

"సార్," అంది నవత.

ఇద్దరూ ఆమెవైపు చూశారు. ఆమె వామన్‌రావువైపు చూడకుండా బల్ల మీది షీట్లను చూసింది.

"గా షీట్లల్ల రాసింది అబద్ధం. సార్ మూడుసార్లు పడలే. రోజుకు ముప్ఫై, నలభై సార్లు పడ్డడు. గాలిమరలు ఒక్కనాడు గూడ ఆయన సొంతంగ దాటలే. బుడగల పెట్టుకుని నేనే దాటిచ్చిన. లెక్క నేనే తక్కువేసి రాసిన."

కింద రోడ్డు మీద బస్సు హారను ఆగకుండా మోగింది.

"ఎందుకు?" అన్నాడు జితేందర్.

"శ్యామ్‌సుందర్ సార్‌ను తీసేసినట్టు తీసేస్తరని."

"శ్యామ్‌సుందర్ సార్‌ను ఎవరు తీసేసిన్రు? ఆయన కంటి ఆపరేషన్ చేయించుకున్నడు. ఆయనే రానన్నడు. యాభై ఎనిమిది సార్లు పడ్డడని కంపెనీవాళ్ళు మెచ్చుకున్నరు గూడ." జితేందర్ నుదురు రుద్దుకున్నాడు. అరవడానికి కూడా ఓపిక లేనట్టున్నాడు. "పదిహేను ఇండ్లల్ల పరువు పోయింది నవతా. నువ్వు నిజం రాసుంటే ఆ గాలిమరలను ఇంత దూరం రాకముందే సరిచేసేటోళ్ళు."

అప్పుడు వామన్‌రావు మాట్లాడాడు. గొంతు పెంచలేదు.

"సంతకం నేను పెట్టిన జితేందర్ సాబ్. చదివే పెట్టిన. గుమాస్తా పని చేసినోన్ని, చదవకుండ పెట్టే అలవాటు లేదు. బిడ్డ ఒక్కదాన్నే అనకుర్రి."

నవత అప్పుడు ఆయనవైపు చూసింది. ఆయన చూపు ఎదుటి గోడ మీద ఉంది. చెవులు ఎర్రబడి ఉన్నాయి. తెలుసా? ఇన్నాళ్ళూ తెలిసే, తెలియనట్టు కూర్చున్నాడా?

జితేందర్ షీట్లన్నీ ఒక దగ్గర చేర్చి, రెండుగా చింపి చెత్తబుట్టలో వేశాడు. "నాలుగో లెవెల్ మొదటిసంది మళ్ళ చెయ్యాలె. ఉన్నదున్నట్టు రాయాలె. వామన్‌రావు సార్, మీరుండుర్రి. ఇంకోసారి గిట్లయితే మాత్రం ఇద్దర్ని పంపిస్త, నాకు వేరే దారి లేదు," అని ఫోను తీసుకున్నాడు.

పదకొండు రోజుల పని మళ్ళీ. ఇద్దరూ వచ్చి సోఫాలో చెరొక మూలా కూర్చున్నారు. నవత క్షమించమని అడగాలనుకుంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. వామన్‌రావు అద్దాలు తుడుచుకున్నాడు. నాలుగో లెవెల్ పెట్టమన్నాడు. పెట్టింది. అదే పాట, అవే బూట్లు. ఎలుగుబంటి గాలిమరలు దాటి అవతలి గట్టున నిలబడింది. కొంగ మొదటి పలక మీద అడుగుపెట్టింది, రెండోదాని మీదికి దూకింది, పడింది.

బుడగ తేలుతూ వచ్చింది. నవత వేలు దానంతటదే కదిలింది.

"చేతులు తియ్యి బిడ్డా," అన్నాడు వామన్‌రావు.

"సార్…"

"ఈ గట్టుకు వచ్చి పగలగొట్టు. ఆడికి తీస్కపోవద్దు."

ఆమె ఎలుగుబంటిని వెనక్కు తెచ్చి, మొదలైన చోటే బుడగను పగలగొట్టింది. కొంగ లేచింది, దూకింది, పడింది. మళ్ళీ పగలగొట్టింది. పడిన ప్రతిసారీ షీటు మీద ఒక గీత గీసింది. ఐదు గీతలకు ఒక అడ్డగీత. మధ్యాహ్నం గారెలు తిన్నారు. మళ్ళీ మొదలుపెట్టారు. మోయడం అలవాటైన చేతికి ఊరికే ఉండటం అంత కష్టమని నవతకు ఆ రోజే తెలిసింది. ఆయన పడుతుంటే చూడలేక ఒకటి రెండుసార్లు కిటికీలోంచి బయటికి చూసింది. "తెర మీదికి చూడు, లెక్క తప్పుతది," అన్నాడు ఆయన. ఒక్కసారి కొంగ మూడో గాలిమరదాకా పోయింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. అదీ పడింది. "అరెరె," అన్నాడు వామన్‌రావు, ఈసారి గట్టిగానే.

అయిదున్నర దాటాక ఆయన కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు విదిలించుకున్నాడు.

"ఎంతయింది?"

నవత గీతలు లెక్కపెట్టింది. తప్పు పోకూడదని మళ్ళీ లెక్కపెట్టింది. పదకొండు రోజులుగా తాను భయపడింది ఈ ఘడియకే. ఈ అంకె వింటే ఆయన ముఖం ఎలా అవుతుందోనన్న భయంతోనే కదా ఇదంతా చేసింది.

"నలభై ఒకటి సార్," అంది.

వామన్‌రావు షీటు అందుకున్నాడు. పై నుంచి కిందిదాకా చదివాడు. గీతల మీద వేలు పెట్టి తానూ లెక్కపెట్టుకున్నాడు.

"నలభై ఒకటేనా?"

"ఔ సార్. ఒక్కటి గూడ తక్కువ రాయలే. ఒట్టు."

"రాయలేదని తెలుస్తనే ఉన్నది." ఆయన షీటు ఒళ్ళో పెట్టుకున్నాడు. "నేను వంద దాటుతదనుకున్న బిడ్డా."

"వందనా సార్?"

"పడేటప్పుడు లెక్క తెల్వదు కద. ఎప్పుడు చూసినా పడుతున్నట్టే ఉంటది. నువ్వేమో రోజు మూడు అని రాస్తివి. మూడు కాదని తెలుస్తనే ఉన్నది. ఇంత మంచి పిల్ల ఇట్ల దాస్తున్నదంటే, దాయాల్సినంత ఉన్నదేమో, నా చెయ్యి పూరాగ పోయిందేమో అనుకుంట ఇంటికి పోయేటోన్ని. విద్యావతికి గూడ చెప్పలే." ఆయన జేబులోంచి కలం తీశాడు. "నలభై ఒకటంటే మనిషి పడేంతనే."

ఈ పదకొండు రోజులూ ఆయనను తాను మోశాననుకుంది నవత. ఆ మూడు అనే అంకెను రోజూ సాయంత్రం మూడంతస్తుల కిందికి ఆయన ఒక్కడే మోసుకుపోయాడు.

వామన్‌రావు సంతకం పెట్టి షీటు ఆమెకు ఇచ్చాడు. గోడ గడియారం చూశాడు.

"ఆరుకు ఇంకా ఇరవై నిముషాలున్నది. ఇంకో షీటు తియ్యి," అన్నాడు.

నవత తీసింది.